డోలీ కర్ర

గూడెం కొండల మీద ఆ ఊళ్ళో పద్దెనిమిది గడపలున్నాయి. మనుషులు 84 మంది. అందరూ కోందులు. ఇంట్లో కువి మాట్లాడతారు, సంతలో తెలుగు మాట్లాడతారు. చోళ్ళు, సామలు, కొర్రలు పండించుకుంటారు. పసుపు, పిప్పళ్ళు, కాఫీ గింజలు, కొండచీపుళ్ళు అమ్మి ఉప్పూ బట్టా తెచ్చుకుంటారు. ఊరి నుంచి తారు రోడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు. మధ్యలో రెండు గెడ్డలు, ఒక నిట్టదిగుడు బండ.

రోడ్డు కావాలని అడగని ఏడాది లేదు. చింతపల్లిలో అర్జీ పెట్టారు. పాడేరులో పెట్టారు. ఎక్కడా ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఉన్న సంగతే చెప్పారు. జనాభా చాలదు. గ్రామీణ సడక్ యోజన కింద కొండ ఊరికి రోడ్డు వెయ్యాలంటే 250 మంది ఉండాలి.

2023 నవంబరులో ఆదిమ తెగల కోసం జన్‌మన్ పథకం వచ్చింది. దేశంలో 75 తెగలను ఆదిమ తెగలుగా గుర్తించారు. కోందుల్లో కొన్ని శాఖలు ఆ జాబితాలో ఉన్నాయి, ఈ ఊరివాళ్ళది అందులో ఒకటి. వాళ్ళ ఊళ్ళకు నూరు మంది ఉంటే చాలన్నారు. ఆ కబురు సంతలో తెలిసిన రోజున ఊళ్ళో రాత్రంతా థింసా ఆడారు.

లెక్క రాసుకోడానికి మనిషి వచ్చాడు. గడప గడపకూ తిరిగాడు. చంకలో పిల్లల్ని కూడా వదలకుండా రాశాడు. 84. పదహారు మంది తక్కువ.

ఊరి మంత్రసాని ఆయన ముందు కూర్చుని వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. పురిటికి మోసుకుపోతుంటే బండ దగ్గర పోయినది ఒకతె. జ్వరంతో రెండో గెడ్డ దాటకుండా పోయిన పిల్లలు ఇద్దరు. పాము కరిచి, తారు రోడ్డు కనబడుతుండగా పోయినవాడు ఒకడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటి వేలికి వచ్చింది. రోడ్డు ఉంటే వీళ్ళంతా ఉందురు, వీళ్ళుంటే లెక్క సరిపోవును అని ఆమె వాదన. ఆ మనిషి ఓపిగ్గా అంతా విన్నాడు. ఉన్నవాళ్ళనే రాయాలి అమ్మా అని చెప్పి కొండ దిగాడు.

రోడ్డు లేని ఊరికి డోలీయే దిక్కు. దుప్పటి రెండు కొసలూ కర్రకు అడ్డనారతో బిగించి కడతారు. మనిషిని ఆ ఉయ్యాలలో పడుకోబెడతారు. ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు. మరో నలుగురు ఖాళీ భుజాలతో పక్కన నడుస్తారు, మార్చుకోడానికి.

ఒకప్పుడు వెదురుతోనే మోసేవారు. వెదురు తేలిక, చేతికందేంత దూరంలో దొరుకుతుంది. ఒక శ్రావణ మాసం రాత్రి ఊరి పెద్ద కోడలికి నొప్పులు మొదలయ్యాయి. వాన కురుస్తూనే ఉంది. ముందు భుజం ఆమె మొగుడిదే. బండ దిగుతుండగా వెదురు నిలువునా చీలింది. ఆమె బండ మీద పడింది. బిడ్డ అక్కడే పోయింది. ఆమె మూడో రోజున పోయింది.

ఆ తరవాత ఊరు వెదురును నమ్మలేదు. తడ కర్ర కావాలనుకున్నారు. గొడ్డలి కాముకీ కావడి బద్దకీ పనికివచ్చే చెట్టు తడ. బరువుకు వంగుతుంది, విరగదు.

కావాలనుకున్నంత మాత్రాన చెట్టు మీద గొడ్డలి వెయ్యరు. కొండా అడవీ జాకరమ్మవి. ఆమెకు గుడి లేదు. ఊరికి ఎగువన చెట్ల గుంపులో ఒక రాయి ఉంది. ఆ గుంపులో ఎండుపుల్ల కూడా ఎవరూ ఏరరు. పండిన గింజ ముందు ఆమెకు పెడతారు, తరవాత పిల్లలకు పెడతారు. మామిడి కొత్త చెయ్యనిదే చెట్టు కింద రాలిన పండు కూడా ముట్టరు. ఆకలిగా ఉన్న ఏడు కూడా ముట్టరు. బయటివాళ్ళు దీన్ని ఆచారం అంటారు. అడవి ఇచ్చేదాన్ని అడిగి తీసుకోవడం వాళ్ళకు బియ్యం కడుక్కుని వండుకోవడమంత సహజం.

దిసారి మంచి రోజు చూశాడు. పెద్ద, అతని కొడుకు, మరో ఇద్దరు రాయి దగ్గరికి వెళ్ళారు. కోడిపెట్టను కోశారు. దిసారి చేటలో బియ్యం పోసి అడిగాడు. తల్లి ఒప్పుకోలేదు. నలుగురూ గొడ్డలి భుజాన వేసుకుని తిరిగి వచ్చేశారు. అప్పటికి ఇంకో ఇంట్లో ఎనిమిదో నెల నడుస్తోంది. అయినా ఎవరూ అడవిలోకి వెళ్ళలేదు.

ఎనిమిది రోజులాగి మళ్ళీ వెళ్ళారు. ఈసారి దిసారి పెద్దనే చెప్పుకోమన్నాడు. పెద్ద రాయి ముందు వంగి, ఇంటి వాసానికి కాదమ్మా, సంతలో అమ్మకానికి కాదమ్మా, మనుషుల్ని మోయడానికి అన్నాడు. బియ్యం కలిసివచ్చాయి. కొమ్మ ఒక్కటే కోసుకోండి, చెట్టు జోలికి పోవద్దు అని తల్లి మాటగా దిసారి చెప్పాడు.

కొమ్మ ఒక్కటే కోశారు. పెద్ద కొడుకు దాన్ని చెక్కాడు. తొక్క తీసి, నీడన ఆరబెట్టి, పొయ్యి మీద పొగబెట్టి, ఇప్పనూనె పట్టించాడు. భుజానికి ఆనే రెండు చోట్లా చేత్తో తడిమి తడిమి నున్నగా చేశాడు. ఎన్నాళ్ళు చేశాడో ఎవరూ అడగలేదు.

ఆ కర్ర పెద్ద ఇంటి చూరు కింద రెండు తాళ్ళ మీద ఉంటుంది. దాని మీద బట్ట ఆరెయ్యరు. పిల్లలు దాన్ని దాటరు. ఎవరినైనా మోసుకుపోయి, ఆ మనిషి ప్రాణంతో ఊరికి తిరిగి వస్తే, ఆ ఇంటి ఆడది కర్ర మధ్యలో పసుపు రాస్తుంది. వాళ్ళ పొలంలో పండిన పసుపే. తొలిసారి రాసింది ఎనిమిదో నెలలో ఉన్న ఆవిడే. ఏళ్ళ తరబడి రాసీ రాసీ ఆ నడిమి భాగం అసలు రంగు ఏమిటో ఎవరికీ గుర్తు లేదు.

లెక్క రాసిన మనిషి వెళ్ళిపోయాక వచ్చిన పుష్యంలో ఊరంతా కూర్చుని రోడ్డు తామే తవ్వుకుందామనుకున్నారు.

ఆ కొండల్లో రోడ్డు పనికి ఒక పాత కథ ఉంది. 1882 అడవి చట్టంతో పోడుకూ కట్టెకూ కట్టడి వచ్చింది. తరవాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాటు రోడ్డు వేయించాడు. మన్యం జనాన్ని పనికి తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడటానికి వెనక ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. ఇప్పుడు జిల్లాకు సీతారామరాజు పేరే ఉంది. నూరేళ్ళ కింద బలవంతాన రోడ్డు తవ్వినవాళ్ళ మునిమనవలు, అంబులెన్సు కోసం తమంతట తామే గునపం పట్టుకున్నారు.

ఇంటికొక మనిషి. సంత రోజు తప్ప రోజూ పని. గునపాలు, పారలు, రాళ్ళు మోయడానికి బుట్టలు. పనసచెట్టు అడ్డం వస్తే దారి పక్కకు తిప్పారు. జీలుగుచెట్టు అడ్డం వస్తే పక్కకు తిప్పారు. లోయ అంచున ఒక మలుపు దగ్గర తిప్పడానికి చోటు లేదు. అక్కడ పదమూడు చెట్లున్నాయి. దిసారి పదమూడింటికీ విడివిడిగా తల్లిని అడిగాడు. పదకొండింటికి ఒప్పుకుంది. మిగిలిన రెండింటి దగ్గరా కొండను రెండు గజాలు లోపలికి తొలిచారు. దానికి పన్నెండు రోజులు పట్టింది.

వైశాఖం వచ్చేసరికి మూడు కిలోమీటర్లు అయింది. రెండు గజాల వెడల్పు. మొదటి గెడ్డ దాకా.

అప్పుడు అడవి ఆఫీసరు వచ్చాడు.

ఆయన మంచివాడని మన్యంలో పేరు. ఎవరి దగ్గరా కోడిపిల్ల ముట్టడు, తేనె సీసా ముట్టడు. కలప దొంగల లారీలను రాత్రిళ్ళు ఒంటరిగా అడ్డుకున్న మనిషి. పై నుంచి ఫోన్లు వచ్చినా కేసు మార్చడు. ఆయన వచ్చాక ఆ చుట్టుపక్కల పెద్ద చెట్టు పడటం తగ్గింది. దిసారి కూడా ఆయన గురించి మంచిగానే చెప్పేవాడు.

తారు రోడ్డు దగ్గర జీపు వదిలి, గార్డును వెంటబెట్టుకుని తొమ్మిది కిలోమీటర్లూ నడిచి వచ్చాడు. పెద్ద ఎదురువెళ్ళి అరుగు మీద చాప వేశాడు. అంబలి ఇచ్చారు. తాగి, డబ్బు ఇవ్వబోయాడు. పెద్ద తీసుకోలేదు.

తరవాత మలుపు దగ్గరికి వెళ్ళారు. ఆఫీసరు జేబులోంచి టేపు తీశాడు. ఒక్కో మొద్దు దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చుట్టుకొలత తీశాడు. గార్డు తీస్తానంటే ఇవ్వలేదు. చెట్టు పేరు, చుట్టుకొలత సెంటీమీటర్లలో, మొద్దు ఎత్తు, నరికి ఎన్నాళ్ళయిందో అంచనా, అన్నీ చిన్న పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. పదకొండు. ఒక్కటి ఎక్కువ రాయలేదు, ఒక్కటి తక్కువ రాయలేదు.

ఊళ్ళో ఆశ్రమ హాస్టల్లో పదో తరగతి దాకా చదివిన కుర్రవాడు ఒకడున్నాడు. వాడు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

“సార్, 2006 చట్టంలో ఊరికి రోడ్డు వేసుకోవచ్చని ఉంది కదా. హెక్టారుకి 75 చెట్ల దాకా తియ్యొచ్చని మాకు మాస్టారు చెప్పారు. మేము పదకొండే తీశాం.”

ఆఫీసరు వాడి వంక మెచ్చుకోలుగా చూశాడు. “బాగా చదివావు. ఉంది. బడికీ ఆసుపత్రికీ రోడ్డుకీ, పదమూడు పనులకి ఉంది. గ్రామసభ తీర్మానం చెయ్యాలి, మా పై ఆఫీసరు ఒప్పుకోవాలి. కానీ అది ప్రభుత్వం వేసే రోడ్డుకి. మీకు మీరే తవ్వుకుంటే ఆ చట్టం రాదు.”

“ప్రభుత్వం వెయ్యదు సార్. మేము పదహారు మందిమి తక్కువ.”

“అది నా శాఖ కాదు బాబూ.” కాసేపాగి మళ్ళీ తనే అన్నాడు. “చట్టం మీకు చాలా ఇచ్చింది. తేనె మీది. చింతపండు మీది. అడ్డాకు మీది. వెదురు కూడా మీదే. కలప మాత్రం మీది కాదు. కర్ర అన్నది మీది కాదు. అది గుర్తుపెట్టుకో.”

కుర్రవాడు తలూపాడు.

తిరుగుదారిలో ఆఫీసరు మొదటి గెడ్డ దాటాడు. బండ దగ్గర కాలు జారింది. ఇరవై అడుగులు దొర్లి రాళ్ళ మధ్య ఆగాడు. టేపు లోయలోకి పోయింది. టోపీ పోయింది. కుడికాలు మోకాలి కింద విరిగి ఎముక బయటికి వచ్చింది.

గార్డు ఊరికి పరిగెత్తాడు. పెద్ద చూరు కింద నుంచి కర్ర దించాడు. తన దుప్పటే తీసుకున్నాడు. ఆరుగురు మగవాళ్ళు, పెద్ద, దిసారి, హాస్టలు కుర్రవాడు కదిలారు. తవ్విన దారిలో పరిగెత్తారు కాబట్టి మొదటి గెడ్డకు మామూలు కంటే చాలా ముందే చేరారు. ఆ రోడ్డు మీద తొలిసారి పోయిన డోలీ అదే.

దిసారి గాయపాకు పసరు పిండాడు. వెదురు బద్దలు చీల్చి కాలికి అటూ ఇటూ పెట్టి నారతో కట్టాడు. ఆఫీసరు అరవలేదు. మొదట అడిగిన మాట, పుస్తకం ఎక్కడుంది అని. రాళ్ళ సందులో దొరికింది. గార్డు చేతిలో పెడితే గుండెల మీద పెట్టుకున్నాడు.

డోలీ ఎత్తారు. ముందు భుజం పెద్ద కొడుకుది.

బండ దగ్గర అందరూ చెప్పులు విప్పారు. పెద్ద కొడుకు పాదం పెట్టే ముందు ఒక్కో చోటా బొటనవేలితో రాతిని తడిమి చూసుకున్నాడు. కర్ర వంగింది. ఆఫీసరు దాని వంకే చూస్తున్నాడు. డోలీలో పడుకున్నవాడికి ఆకాశం కంటే ముందు కర్రే కనబడుతుంది. కాసేపటికి చెయ్యెత్తి దాన్ని పట్టుకున్నాడు.

“ఇది వెదురు కాదా?” అన్నాడు.

“కాదు బాబూ. తడ,” అన్నాడు పక్కన నడుస్తున్న పెద్ద.

“వెదురైతే బాగుండేది.”

“వెదురు విరిగింది బాబూ.” పెద్ద కోడలి సంగతి చెప్పాడు. కొడుకు వినబడేంత దూరంలోనే ఉన్నాడు కనుక మెల్లగా చెప్పాడు. ఆఫీసరు కళ్ళు మూసుకుని విన్నాడు. చాలా అన్యాయం జరిగింది అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది. అక్కడున్నవాళ్ళందరికీ అది తెలిసింది.

“మరి దీన్నెవరు కోశారు?”

పెద్ద సంతోషంగా చెప్పాడు. బయటివాళ్ళు ఎవరూ ఆ కర్ర సంగతి అంతవరకు అడగలేదు. మొదటిసారి తల్లి కాదన్నదీ, ఎనిమిది రోజులు ఆగిందీ, రెండోసారి ఏమని చెప్పుకుందీ, చెట్టు జోలికి పోవద్దని కొమ్మ మాత్రం ఇచ్చిందీ, అన్నీ చెప్పాడు. నొప్పి తెలియకుండా ఉంటుందని నెమ్మదిగా, వివరంగా చెప్పాడు. దారిలో ఆ చెట్టు వచ్చింది. డోలీ ఒక్క క్షణం ఆపించాడు.

“అదుగో బాబూ, అదే. కొమ్మ తీసిన చోటు మూసుకుపోయింది చూడండి. ఆ తల్లి చల్లగా చూసింది.”

ఆఫీసరు మెడ తిప్పి చూశాడు. చెట్టు పచ్చగా ఉంది.

“అనుమతి ఎవరిచ్చారన్నావు?”

“జాకరమ్మ బాబూ.”

“ఇంకెవరూ లేరా?”

“ఆమె పైన ఎవరున్నారు బాబూ?”

రెండో గెడ్డ దగ్గర భుజాలు పూర్తిగా అలిసిపోయాయి. చదునుగా ఉన్న రాయి మీద దుప్పటి దించారు. తాళ్ళు వదులు చేసి కర్రను ఆయన పక్కనే వాల్చారు. మోసినవాళ్ళు గెడ్డలో నీళ్ళు తాగడానికి దిగారు. కుర్రవాడు దొన్నెలో నీళ్ళు తెచ్చి ఆయన పెదవులు తడిపాడు.

అప్పుడు ఆఫీసరు తల వెనక్కి చెయ్యి చాచి కర్ర కొసను వెతుక్కున్నాడు. దాని మీద అరచెయ్యి పరిచాడు. తీశాడు. కొంచెం ముందుకు మళ్ళీ పరిచాడు. పెదవులు కదులుతున్నాయి. నడిమికి వచ్చేసరికి చేతికి పసుపు అంటింది. ఆగలేదు. ఆ పైన చెయ్యి అందక, పళ్ళు బిగించి నడుము లేపాడు. కట్టు లోంచి రక్తం ఉబికింది. గార్డు కంగారుపడి పట్టుకోబోతే వద్దని తలూపాడు. కర్ర రెండో కొస దాకా అరచెయ్యి పోనిచ్చి, వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నాడు.

గెడ్డలోంచి పైకి వస్తున్నవాళ్ళు అదంతా చూశారు. దిసారి చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

“తల్లికి మొక్కుకుంటున్నాడు,” అన్నాడు. “మాట్లాడించకండి.”

మళ్ళీ ఎత్తేముందు ఆరుగురూ కర్రను కళ్ళకద్దుకున్నారు. గార్డు కూడా అద్దుకున్నాడు.

చీకటి పడుతుండగా తారు రోడ్డు చేరారు. 108 సిద్ధంగా ఉంది. చింతపల్లి తీసుకుపోయారు. అక్కణ్ణుంచి రాత్రికి రాత్రే విశాఖ కె.జి.హెచ్.కు పంపారు. ఇంకాస్త ఆలస్యమైతే కాలు తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టర్లన్నట్టు సంతలో తెలిసింది. కాలు దక్కింది.

ఆ వారం ఊళ్ళో ఒక చిన్న సమస్య వచ్చింది. మోసుకుపోయిన మనిషి బతికాడు. కర్రకు పసుపు రాయాలి. ఆయన ఇంటి ఆడది ఎక్కడో పట్నంలో ఉంది. దిసారి ఆలోచించి, తల్లి దగ్గర అడిగి, మంత్రసానితో రాయించాడు. ఆయన కూడా ఊరివాడేనని తల్లి చెప్పిందన్నాడు.

ఆషాఢంలో గార్డు వచ్చాడు. భుజాన ఒక మూట, చేతిలో ఒక కవరు. మూటలో కొత్త ఉన్ని దుప్పటి ఉంది, ఖరీదైనది. పెద్ద దుప్పటి తన రక్తంతో పాడైందని ఆఫీసరుగారు జీతంలోంచి కొని పంపారని చెప్పాడు. ఆయన ఊతకర్రలతో ఆఫీసుకు వస్తున్నారనీ, మోసిన ఆరుగురి పేర్లూ అడిగి మరీ రాసుకున్నారనీ చెప్పాడు. ఊరంతా పెద్ద అరుగు దగ్గర చేరింది. దుప్పటిని చేతులు మార్చి మార్చి చూశారు. దాన్ని ఇకమీదట డోలీకే వాడదామని పెద్ద కొడుకు అన్నాడు. అందరూ సరేనన్నారు.

కవరు హాస్టలు కుర్రవాడికి ఇచ్చారు. రోడ్డుకు ఒప్పుకున్నారేమో చూడమన్నారు.

అది స్వాధీన నివేదిక. కుర్రవాడు వరుసగా చదివాడు. లోయ మలుపు దగ్గర నరికిన చెట్లు పదకొండు. ఒక్కోదాని పేరు, చుట్టుకొలత, మొద్దు ఎత్తు, అన్నీ సెంటీమీటర్లలో. ఏదీ తప్పు లేదు. జనం తలలూపుతూ విన్నారు. పదకొండో వరుస అయింది. కుర్రవాడు ఆగాడు. గార్డు చూరు కిందికి వెళ్ళి కర్రకున్న తాళ్ళు విప్పుతున్నాడు.

“ఇంకా ఉందా?” అన్నాడు పెద్ద.

“ఉంది.”

“చదువు.”

కుర్రవాడు చదివాడు.

“12. తడ కర్ర ఒకటి. నడుమ పసుపు రంగు కలదు. కోసిన చెట్టును ఊరి పెద్ద స్వయముగా చూపించి నేరము ఒప్పుకొనినాడు. అనుమతి: లేదు. పొడవు పన్నెండు జానలు. టేపు అందుబాటులో లేనందున చేతితో కొలవడమైనది.”